ఖాళీ మేకు

"ఆ సొట్ట ఫ్లాస్కు ఎందుకండీ? కొత్తది కొన్నది బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికా?"

తెల్లారీ తెల్లారకముందే వంటింట్లో గొడవ మొదలైంది. గట్టు మీద ఒక పక్క ఆకుపచ్చ రంగు పాత ఫ్లాస్కు, నడుం దగ్గర సొట్టతో. ఇంకో పక్క నీలం రంగు కొత్త ఫ్లాస్కు, అంటించిన లేబుల్ కూడా ఇంకా ఊడలేదు. మధ్యలో భార్య, చేతిలో టీ గిన్నె.

"పాతదే నాకు చేతికి అలవాటు," అన్నాడు అతను.

"అలవాటా! మూత దగ్గర కారుతుంది. పోయినసారి అత్తయ్య చీర నిండా టీ మరకలే."

"నా చీర గొడవ నాకొదిలెయ్ అమ్మాయ్," అంటూ ముందుగదిలోంచి అతని తల్లి గొంతు వినిపించింది. "వాడు పుట్టినప్పట్నుంచీ అంతే. చిరిగిన దుప్పటే కావాలని ఇల్లు పీకి పందిరేసేవాడు."

ఎనిమిదేళ్ళ బుజ్జి బూట్ల లేసులు కట్టుకుంటూ తండ్రి మొహంలోకి చూసింది. ఇంట్లో గొంతులు పెరిగితే ఆ పిల్ల చూపు ముందు తండ్రి మీదకే పోతుంది. తిట్లు తినేది ఎప్పుడూ ఆయనే అని దానికి తెలుసు. ఆయన తిట్లు తింటుంటే దానికి అన్నం సహించదు.

"చెప్పింది చెయ్. పాతదాంట్లోనే పొయ్," అన్నాడతను, కాస్త గట్టిగానే.

భార్య మారు మాట్లాడలేదు. ఒప్పుకుందని అతను అనుకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసి ఆమె మౌనాన్ని అలా అర్థం చేసుకోవడం అతని వృత్తికే అవమానం.

ఎందుకంటే ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను నీళ్ళ పంపులు అమ్మే కంపెనీ మనిషి. ఆ కంపెనీ పై అంతస్తులో, బోర్డు లేని ఒక తలుపు వెనక మాత్రం, ఏజెంట్ నైన్. ఆ సొట్ట ఫ్లాస్కు అడుగున టీతో ఏ సంబంధమూ లేని పరికరం ఒకటి ఉంది.

---

ముందురోజు ఆ తలుపు వెనక జరిగిన బ్రీఫింగ్ క్లుప్తంగానే ముగిసింది.

"రాడార్ కీ పోయింది, నైన్," అన్నాడు బాస్. "గోరంత చిప్. అది అవతలివాళ్ళ చేతిలో పడితే మన తీరం పొడుగునా ఒక్క రాడార్ పనిచెయ్యదు. ఆ తర్వాత ఏం వచ్చి మీద పడినా మనకి తెలీదు."

"ఇప్పుడెక్కడుంది?"

బాస్ బల్ల మీద ఒక టూరిస్టు కరపత్రం తోశాడు. కొండమీద పాత గనుల ఊరు. వెండి తవ్వకం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు సొరంగంలో చిన్న రైలు వేసి టూరిస్టుల్ని తిప్పుతున్నారు.

"ఆ గనిలో దాచారు. దాచినవాడు మనకి దొరికాడు కానీ వాడి నోరే దొరకలేదు. రేపు మధ్యాహ్నం టూర్‌కి వచ్చేవాళ్ళలో ఒకరు చిప్ తీసుకుని మూడు గంటల రోప్‌వే ఎక్కుతారు. శిఖరం దాటితే వేరే దేశం. మన చెయ్యి అందదు."

"ఎవరి సమాచారం?"

"కానరీ."

ఆ పేరు వినగానే నైన్ నిటారుగా కూర్చున్నాడు. కానరీ అంటే శత్రు ముఠాలో అందరికంటే అందమైన మనిషి. రెండేళ్ళుగా ముఠా జీతం తింటూ మనకి వార్తలు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె గనిలో గైడ్‌గా చేరి నెలైంది.

"చిప్ తీసుకున్న మనిషిని ఆమె గుర్తుపట్టి, వాడి పక్కన నిలబడి హెల్మెట్ సర్దుకుంటుంది. నీ తృప్తి కోసం నీ దగ్గర డిటెక్టర్ ఉంటుంది. చిప్ నాలుగడుగుల్లోకి వస్తే ఫ్లాస్కు అడుగు వెచ్చబడుతుంది. దాని గురించి కానరీకి కూడా తెలీదు."

"పోలీసులు?"

"ఒక్క యూనిఫాం కనిపించినా చిప్ మళ్ళీ భూమిలోకి పోతుంది. ఫోటోగ్రాఫర్ వేషంలో మనవాడు ఒకడుంటాడు. అంతే. నువ్వు కుటుంబంతో వెళ్ళు."

"కుటుంబంతోనా, సార్?"

"ఒంటరిగా వచ్చిన మగాణ్ణి అందరూ చూస్తారు. పెళ్ళాం, పిల్ల, ముసలి తల్లి, టిఫిన్ క్యారియర్ ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, "రేపు సెలవు పెట్టాను, కొండమీదకి వెళ్దాం," అన్నాడు. రెండేళ్ళుగా వాయిదా పడుతున్న ప్రయాణం అది. భార్య మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు బుజ్జి గౌను ఇస్త్రీ చేసింది. అతని స్వెట్టర్‌కి ఊడిపోయిన గుండీ వెతికి కుట్టింది. కుడుతూ ఏదో కూనిరాగం తీసింది. ఆ రాగం విని ఎంత కాలమైందో అతనికి గుర్తు రాలేదు. దొంగ పాస్‌పోర్టులు చూపించి ఎన్నో సరిహద్దులు దాటిన మనిషి ఆ రాగం వినలేక బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

---

బస్సు మలుపులు తిరిగి తిరిగి ఊళ్ళోకి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఎత్తుకి గాలి మాత్రం చల్లగా కొట్టింది. నల్లరాళ్ళు పరిచిన నిటారు వీధి. గని పొగకి మసిబారిన ఇళ్ళ ముందు ఇప్పుడు పూలకుండీలు. వీధి చివర ఇనప గేటు, గేటు లోపల పెద్ద ఆవరణ. ఆవరణకి ఒక పక్క సొరంగం నోరు, ఇంకో పక్క పాత గుర్రాలశాల. గేటు అవతల మెట్ల మీద రోప్‌వే స్టేషన్.

గేటు పక్కన చెక్క బోర్డు. దాని నిండా వరసగా మేకులు, ఒక్కో మేకుకి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల. ఆ బోర్డుకి కాపలాగా ఒక ముసలాయన కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ గనిలో పనిచేసినవాడు. అందరూ గేటు తాత అంటారు.

"లోపలికెళ్ళేవాళ్ళు తలో బిళ్లా మెళ్ళో వేసుకోండి," అన్నాడు గేటు తాత. "బయటికొచ్చాక ఎవరి బిళ్ల వాళ్ళ మేకుకి తగిలించండి. బోర్డు నిండితేనే గేటు తీస్తాను."

"నేను రాను నాయనా," అంది అతని తల్లి, ఆవరణలోనే బెంచీ చూసుకుని కూర్చుంటూ. "మట్టిలోకి ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందే. టికెట్ కొనుక్కుని మరీ ముందుగా ఎందుకు?"

గైడ్ ముందుకొచ్చింది. ఎర్ర హెల్మెట్, దాని కింద నిగనిగలాడే జుట్టు, నడకలో ఒక ఒయ్యారం. మగవాళ్ళందరి వెన్నులూ నిటారయ్యాయి.

"ఇక్కడ పాత దీపాలు అమ్ముతారా?" అడిగాడు నైన్.

"అమ్ముతాం. కానీ వాటిలో నూనె ఉండదు," అందామె నవ్వి.

కోడ్ సరిపోయింది. అతను నిశ్చింతగా వెనక్కి తిరిగాడు. బెంచీ దగ్గర భార్య అత్తగారికి టీ పోస్తోంది. నీలం ఫ్లాస్కులోంచి.

నైన్ రెండంగల్లో బెంచీ దగ్గరికి వచ్చాడు.

"పాతదేది?"

"ఇంట్లో సింకు పక్కన బోర్లించి వచ్చాను," అంది భార్య నవ్వుతూ. "చూడండి, ఇంకా పొగలొస్తున్నాయి."

"ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట వింటావా నువ్వు?"

గొంతు అతను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్కనున్న కొత్త పెళ్ళికూతురు తలతిప్పి చూసింది. బొమ్మల పెట్టె భుజాన వేసుకున్న చిత్రకారుడు చూపు పక్కకి తిప్పుకున్నాడు. భార్య మొహంలోని నవ్వు దీపం మలిపినట్టు పోయింది. ఫ్లాస్కు మూత బిగించి అతని భుజానికి తగిలించింది.

"టీ బాగానే ఉంది కదరా," అంది తల్లి మెల్లగా.

---

సొరంగంలో చలి. చిన్న రైలు గడగడలాడుతూ పోయింది. నైన్ ఒక్కో మొహాన్నీ దీపం వెలుగులో జల్లెడ పట్టాడు. భుజాన ఉన్న ఫ్లాస్కులో టీ వేడి తప్ప ఏ సమాచారమూ లేదు.

ఒక పాత తలుపు దగ్గర కానరీ రైలు ఆపించింది. దీపం ఎత్తి తలుపు లోపలివైపు చూపించింది. చెక్క మీద నిలువుగా గీతలు.

"ఒకసారి జీతాలరోజు తొందరలో, బోర్డు మీద ఒక మేకు ఖాళీగా ఉండగానే తలుపులేసి అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు. లోపల ఒక మనిషి ఉండిపోయాడు. ఇవి అతని గోళ్ళ గీతలు." ఆమె గొంతు వణికింది. "అప్పట్నుంచీ ఈ ఊళ్ళో మేకు ఖాళీగా ఉంటే గేటు తియ్యరు. దేశాన్నేలేవాడు వచ్చినా సరే. మా గనిమనుషులకి అదొక్కటే శాసనం."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుజ్జి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రైలు బయటికొచ్చేసరికి మూడింటికి ఇంకా ఎంతో సేపు లేదు. ఒక్కొక్కరే బిళ్లలు తగిలిస్తున్నారు. కానరీ చిత్రకారుడి పక్కన నిలబడి హెల్మెట్ సర్దుకుంది. వెంటనే ఫోటోగ్రాఫర్ కాలు జారినట్టు నటించి అతని మీద పడ్డాడు. పెట్టె తెరుచుకుని రంగులన్నీ నేలపాలయ్యాయి. "అయ్యో, క్షమించండి!" అంటూ ఒక్కో ట్యూబూ తడిమి, నొక్కి, ఏరి ఇచ్చాడు. కోటు దులుపుతున్నట్టు జేబులూ చూశాడు. ఆఖరికి నైన్ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

ఏమీ లేదు. కానరీ పొరబడిందన్నమాట. చిప్ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. గేటు తెరిచిన మరుక్షణం అందరూ చెల్లాచెదురవుతారు.

"నాన్నా," అంటూ స్వెట్టర్ లాగింది బుజ్జి. "నా మేకు నాకందట్లేదు. నువ్వు తగిలించవా? నేను గుర్రాలశాలలో చెక్కగుర్రాన్ని చూసొస్తా."

మెళ్ళోంచి బిళ్ల తీసి అతని అరచేతిలో పెట్టింది. పదిహేడో నంబరు. పిల్ల ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది.

భార్య అప్పుడు బెంచీ దగ్గర అత్తగారికి చెప్పులు తొడుగుతోంది. వీళ్ళిద్దర్నీ ఎవరూ చూడటం లేదు. నైన్ బోర్డు వైపు చూశాడు. పదిహేడో మేకు ఖాళీగా ఉంది.

అది ఖాళీగా ఉన్నంతసేపూ గేటు తెరుచుకోదు.

"వెళ్ళు," అన్నాడు వంగి. "ఒక ఆట ఆడదాం. నేను వచ్చేదాకా బయటికి రావద్దు. ఎవరు పిలిచినా పలక్కు. గుర్రం నోట్లో పళ్ళన్నీ లెక్కపెట్టి ఉంచు."

"అమ్మ పిలిచినా?"

అతను బెంచీ వైపు ఓసారి చూశాడు. "అమ్మ పిలిచినా."

పిల్ల నవ్వుకుంటూ పరిగెత్తింది. అతను బిళ్ల జేబులో వేసుకున్నాడు.

---

"ఒక మేకు ఖాళీ," అన్నాడు గేటు తాత. "పదిహేడు."

"పదిహేడు మా బుజ్జిది!" అంది భార్య. చుట్టూ చూసింది. "ఏమండీ, బుజ్జేది?"

"నీతో ఉందనుకున్నాను," అన్నాడు నైన్.

భార్య మొహం తెల్లగా పాలిపోయింది. ఆమె కళ్ళ ముందు ఇప్పుడేం కదులుతోందో అతనికి తెలుసు. తలుపు మీది గీతలు. "బుజ్జీ!" అని ఆమె అరిచిన అరుపు కొండకి కొట్టుకుని వెనక్కొచ్చింది. చెప్పులు వదిలేసి, దీపమైనా తీసుకోకుండా సొరంగంలోకి పరిగెత్తింది.

ఆవరణంతా అల్లకల్లోలం. చిత్రకారుడు పెట్టె గిరాటేసి ఆమె వెనకే పరిగెత్తాడు. పెళ్ళికొడుకు దీపాల గదిలోకి ఉరికాడు. పెళ్ళికూతురు సొరంగం నోట్లోకి వంగి "బుజ్జీ, బుజ్జీ" అని పిలుస్తోంది. ముక్కూమొహం తెలియని పిల్ల కోసం అందరి చూపులూ ఆ చీకట్లోకే పోతున్నాయి.

ఒక్కరి చూపు తప్ప. ఆ చూపు గోడగడియారం మీద ఉంది.

"తాతా, గేటు తీసెయ్," అంది కానరీ. "పిల్ల ఎక్కడో ఆడుకుంటూ ఉంటుంది. వీళ్ళకి రోప్‌వే టైమైపోతోంది."

గేటు తాత ఆమెని వింతగా చూశాడు. "మేకు ఖాళీగా ఉందమ్మా."

"ఒక్క బిళ్లకేం? తర్వాత దొరుకుతుందిలే."

నైన్ చటుక్కున ఆమె వైపు తిరిగాడు. గోళ్ళ గీతల దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న మనిషేనా ఈ మాటంటున్నది? రోజూ ఆ కథ చెప్పిన నోటికి ఒక్క మేకు లెక్కలోది కాకుండా పోయిందంటే, ఆ కన్నీళ్ళలాగే ఆమె తెచ్చిన వార్తలూ దొంగవే. చిప్ తీసుకునే టూరిస్టు అంటూ ఎవరూ లేరు. తీసుకున్నది ఆమే.

కానరీ అప్పటికే సిబ్బంది తాళంచెవితో గేటు పక్కనున్న చిన్న తలుపు తీసింది. నైన్ పరిగెత్తాడు. వెనక సొరంగంలోంచి భార్య గొంతు వస్తూనే ఉంది. అతని కాళ్ళు మెట్లెక్కుతున్నాయి కానీ చెవులు మాత్రం వెనకే ఉండిపోయాయి.

గడియారం మూడు కొట్టింది. రోప్‌వే పెట్టె తలుపు మూసుకుంటోంది. లోపల ఎర్ర హెల్మెట్. తలుపు పూర్తిగా పడితే చాలు, పెట్టె కదిలిపోతుంది. నైన్ భుజానున్న ఫ్లాస్కు లాగి, మిగిలిన జానెడు సందులోకి విసురుగా దూర్చాడు.

కర్రుమంది. కొత్త ఫ్లాస్కు నడుం నొక్కుకుపోయింది, టీ అంతా కారిపోయింది, తలుపు మాత్రం పడలేదు. తలుపు పడనిదే పెట్టె కదలదు.

కానరీ చేతిలో చిన్న పిస్టల్ మెరిసింది. వెనకనుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ కెమెరా స్టాండుతో ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. నైన్ ఆమె హెల్మెట్ లాక్కుని దీపం మూత తిప్పాడు. బ్యాటరీ వెనక, దూదిలో చుట్టి, గోరంత చిప్.

సంకెళ్ళు పడుతుంటే ఆమె కింద ఆవరణ వైపు చూసింది. తర్వాత అతని జేబు వైపు చూసింది. జేబులో బిళ్ల గుండ్రంగా ఉబ్బి కనిపిస్తోంది.

ఆమె నవ్వింది. "డబుల్ ఏజెంట్‌ని నేనొక్కదాన్నే అనుకున్నాను."

---

గుర్రాలశాలలో కిటికీలోంచి ఎండ పడుతోంది. బుజ్జి చెక్కగుర్రం కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుంది. రెండు చేతులతో చెవులు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు.

"అమ్మ చాలాసార్లు పిలిచింది నాన్నా," అంది. "నేను పలకలేదు. ఇప్పుడు వెళ్ళనా?"

అతను పిల్లని ఎత్తుకుని బయటికొచ్చాడు. గేటు తాత చేతిలో బిళ్ల పెడుతూ, "గుర్రం కాళ్ళ దగ్గర పడి ఉంది," అన్నాడు. బుజ్జి అతని మొహంలోకి చూసింది.

భార్య సొరంగంలోంచి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము, మోచేతులు దోక్కుపోయి రక్తం. పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. అంతలోనే వదిలి చెంప మీద కొట్టింది. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి.

"పలకవేం? అంతలా అరుస్తుంటే పలకవేం? బిళ్ల ఎందుకు పారేశావు?"

బుజ్జి చెంప పట్టుకుని తండ్రి వైపు చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. గేటు తాత పదిహేడో మేకుకి బిళ్ల తగిలించి గేటు తీశాడు.

---

రాత్రి భోజనాల దగ్గర గరిటె చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. భార్య వడ్డిస్తోంది, తను మాత్రం కంచం పెట్టుకోలేదు. మోచేతులకి కట్లు. మాటిమాటికీ బుజ్జి చెంప వైపు చూస్తోంది.

"నువ్వూ కూర్చో అమ్మాయ్," అంది అత్తగారు.

"నాకు ఆకలి లేదత్తయ్యా. నా చెయ్యి పడిపోనూ, పిల్లని కొట్టాను."

నైన్ కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. బాస్ నుంచి అభినందనలు సాయంత్రమే వచ్చాయి. దేశం క్షేమం.

"ఆ బిళ్ల అది పారెయ్యలేదు," అన్నాడు. "నేనే జేబులో వేసుకున్నాను. దాన్ని శాలలో ఉండమన్నదీ, నువ్వు పిలిచినా పలకొద్దన్నదీ నేనే."

గరిటె భార్య చేతిలోనే ఆగిపోయింది. అతను మొదట్నుంచీ చెప్పాడు. చెప్పగలిగినంత. పంపుల కంపెనీ, పై అంతస్తు, పాత ఫ్లాస్కు, ఎర్ర హెల్మెట్.

అంతా విని భార్య అడిగింది. "నేను 'బుజ్జేది' అని అడిగినప్పుడు బిళ్ల మీ జేబులోనే ఉందా?"

"ఉంది."

ఆమె బుజ్జి వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు చెప్పలేదే, కొడుతుంటే కూడా?"

"నాన్న తగిలించడం మర్చిపోయాడనుకున్నా," అంది బుజ్జి, కంచంలోకి చూస్తూ. "పొద్దున ఫ్లాస్కుకే అంత గొడవైంది కదా. ఇది కూడా తెలిస్తే ఇంకా తిడతావని."

ఆ మాట ముందు కానరీ పిస్టల్ ఎంత?

"రేపే రాజీనామా ఇస్తాను," అన్నాడు.

"అయితే పంపుల కంపెనీ ఉత్తిదేనా?" అంది తల్లి. "పక్కింటాయనకి తక్కువలో ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చానే!"

భార్య గరిటె గిన్నెలో పెట్టి, బుజ్జి పక్కన కూర్చుని, దాని చెంప మీద చెయ్యి వేసింది. ఒక నిర్ణయానికి వచ్చాక ఆమె గొంతు ఎప్పుడూ ఇలాగే నెమ్మదిస్తుంది.

"రాజీనామా వద్దు. ఉద్యోగం మానేస్తే అబద్ధాలు మానేస్తారని నమ్మకమేంటి? రేపు వడ్రంగిని పిలుస్తున్నాను. వీధి తలుపు పక్కన ఒక బోర్డు, నాలుగు మేకులు. బయటికెళ్ళేవాళ్ళు ఎక్కడికో చెప్పి బిళ్ల తీసుకోవాలి. చెప్పకూడని చోటైతే 'చెప్పలేను' అనండి, అది వింటాను. అబద్ధం మాత్రం వద్దు. మమ్మల్ని మళ్ళీ ఎక్కడికైనా తీసుకెళ్తే, ఊరు చూడ్డానికే తీసుకెళ్ళండి. బోర్డు నిండేదాకా ఈ ఇంట్లో కంచాలు పెట్టను."

ఆగి, కూతురి జుట్టు సవరించింది.

"నాలుగో మేకు బుజ్జికి అందే ఎత్తులో కొట్టిస్తాను. దాని బిళ్ల అదే తగిలించుకుంటుంది. ఇంకెవరి చేతికీ ఇవ్వక్కర్లేదు."

వంటింటి గట్టు మీద ఇప్పుడు సొట్ట ఫ్లాస్కులు రెండు. వాటికేసి చూస్తూ నైన్ "అలాగే" అన్నాడు. ఉద్యోగంలో చేరాక అతను ఎదురు ప్రశ్న వెయ్యకుండా తీసుకున్న ఆర్డరు అదొక్కటే.